నీటికుక్కలూ, మా కాలవా

గంగావతి దగ్గరున్న మా క్యాంపు నుంచి ఆనెగొంది పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ నది దాటితే హంపి. చుట్టాలు ఎవరొచ్చినా కారెక్కించి తీసుకెళ్ళడం, అంజనాద్రి మెట్లెక్కించడం, విఠలాలయం రాతిరథం ముందు ఫొటో దిగడం, పొద్దుగూకేలోపు ఇంటికొచ్చెయ్యడం – మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఇదే ఆనవాయితీ. 2025 సంక్రాంతికి మాత్రం పిల్లలు వేరే పట్టు పట్టారు. సైకిళ్ళ మీదే వెళ్ళాలి, నది పక్కన రాళ్ళ మధ్యలోంచి నడవాలి, పుట్టిలో తిరగాలి, నీటికుక్కల్ని చూడాలి. గుళ్ళు ఎక్కడికీ పోవు కదా అన్నారు.

కనుమ నాడే బయల్దేరదామన్నారు గానీ నాయనమ్మ ఊరుకోలేదు. కనుమ నాడు కాకైనా కదలదు, మీరెక్కడికి? అంది. అరవై ఏడేళ్ళయింది మా వాళ్ళు భీమవరం వైపు నుంచి ఇక్కడికొచ్చి. ఇంట్లో జొన్నరొట్టె, ఎణ్ణెగాయి సగం రోజులు. పిల్లలు ఒకరినొకరు తిట్టుకునేది కన్నడంలో. అయినా కనుమకి మాత్రం ఇప్పటికీ కాకి కదలకూడదు. సరే, మర్నాడు ముక్కనుమకి పెట్టుకున్నాం.

ఒప్పుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొలం అమ్మకం మాటలు అప్పుడే నడుస్తున్నాయి. తొమ్మిదెకరాలు. లేఅవుట్ వేస్తామని ఒకళ్ళు వచ్చి అడిగారు, ధర బాగానే చెప్పారు. బాబాయి అమ్మేద్దామంటాడు, నాన్న వద్దంటాడు, తాతయ్య ఏమీ అనడు. పండగ మూడు రోజులూ భోజనాల దగ్గర అదే మాట. ఒక పూటైనా అందరం ఇంట్లో లేకుండా ఉంటే మంచిదనిపించింది.

పొద్దున్న నాలుగున్నరకి తొమ్మిది సైకిళ్ళు తేలాయి. అందులో గేర్లున్నవి రెండే, మిగతావి పాత హీరో సైకిళ్ళు. వెనక టాటా ఏస్‌లో తాతయ్య, నాయనమ్మ, పులిహోర గిన్నె, మిగిలిన అరిసెలు, రెండు బిందెల నీళ్ళు. మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు మాకు కొత్త కాదు. రెండు పక్కలా దాళ్వా నాట్లు. (ఇక్కడ దాన్ని హింగారు అంటారు, క్యాంపుల్లో మాత్రం దాళ్వాయే.) కర్ణాటకలో గంగావతిని భత్తద కణజ అంటారు, అంటే ధాన్యపు గాదె. మీ ఊళ్ళో కొట్లో సోనా మసూరి కొంటే అందులో ఇక్కడి బియ్యం కూడా ఉండే ఉంటుంది. మంచులో నీళ్ళు కట్టిన మడులు, మడుల్లో కొంగలు, గట్టు మీద మోటారు చప్పుడు. కోనసీమ అనుకోవచ్చు. కానీ తలెత్తితే చాలు, చేను అంచు నుంచే బండల గుట్టలు లేస్తాయి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి గానీ ఎక్కణ్ణుంచో దొర్లొచ్చినవి కావు. ఉన్నచోటే పగుళ్ళు పట్టి, పగుళ్ళ వెంట అరిగి, అరిగి గుండ్రాలయ్యాయి. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. ఆ లెక్కన భీమవరం వాళ్ళూ మేమూ అందరం నిన్న వచ్చినవాళ్ళమే.

ఆనెగొంది దగ్గరికొచ్చేసరికి రోడ్డు ఎత్తుపల్లాలు మొదలయ్యాయి. గేర్లు లేని సైకిళ్ళ వాళ్ళు దిగి తోసుకున్నారు. కుడిపక్క బండ మీద ఒక ఉడుము ఎండకోసం కాచుకుని పడుంది, తొమ్మిది సైకిళ్ళు ఆగినా కదల్లేదు. ఈ గుట్టల్లో ఎలుగొడ్లున్నాయి, చిరుతలున్నాయి. అందుకే చీకట్లో ఈ దారిన సైకిల్ తొక్కొద్దని ఊళ్ళోవాళ్ళు గట్టిగా చెబుతారు. మేం కూడా తెల్లవారేదాకా పొలాల మధ్యనే ఉండేట్టు చూసుకుని, బాగా వెలుగొచ్చాకే గుట్టల్లోకి వచ్చాం. అంజనాద్రి దూరం నుంచే తెల్లగా కనబడింది, మెట్ల మీద అప్పటికే జనం. 2021లో తిరుమల వాళ్ళు హనుమంతుడు పుట్టింది మా అంజనాద్రిలో అని ప్రకటించినప్పుడు క్యాంపులో రెండు రోజులు వాదన నడిచింది. తెలుగువాళ్ళుగా అటు మాట్లాడాలా, ఆనెగొంది పొరుగువాళ్ళుగా ఇటు మాట్లాడాలా ఎవరికీ తేలలేదు. నాయనమ్మే తేల్చింది: ఆయన ఎగిరేవాడు కదా, రెండుచోట్లా ఉంటాడు.

సైకిళ్ళు ఆనెగొందిలో తెలిసినవాళ్ళ వాకిట్లో పెట్టి రేవుకి నడిచాం. అవతలి గట్టు తళవారఘట్ట. మధ్యలో తుంగభద్ర, జనవరిలో నిండుగా కాదు గానీ బాగానే ఉంది.

పుట్టి గురించి కాస్త చెప్పాలి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట. కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. పూర్వం తోలు కప్పేవాళ్ళు. కృష్ణదేవరాయల కాలంలో ఇక్కడికొచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ వీటి గురించి రాశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బెత్తం, బయట తోలు అనీ, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటిస్తాయనీ, తిన్నగా పోలేక ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయనీ. ఐదు వందల ఏళ్ళ తరవాత తోలు ఒక్కటే మారింది. కన్నడంలో హరిగోలు అంటారు, కొందరు తెప్ప అంటారు. మనం పుట్టి అంటాం. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకి పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం కూడా. పిల్లలకి ఇది చెబితే, ఇరవై తూములంటే ఎన్ని కిలోలు అని అడిగారు. తాతయ్య నోటి లెక్క మొదలుపెట్టి, తూము ఒక్కో ఊళ్ళో ఒక్కో కొలత అని మధ్యలో ఆపేశాడు.

తాతయ్య పుట్టిలోకి ఎక్కుతాడని మేం అనుకోలేదు. డెబ్భై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు సరిగ్గా లేవు. టాటా ఏస్‌లో కూచుని ఉండమన్నాం. ఆయన చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, మాకన్నా ముందు ఎక్కాడు. పడవ నడిపే ఆయన చెయ్యి అందించి, మెల్లగ అజ్జా, అన్నాడు.

మా వాళ్ళు ఈ నేల మీద అడుగుపెట్టింది సరిగ్గా ఈ రేవులోనే. ఆనకట్ట నుంచి నీళ్ళు వదలడం 1953లో మొదలైంది. అంతకుముందు ఈ నదే సరిహద్దు, ఇవతల నిజాం రాజ్యం, అవతల మద్రాసు ప్రెసిడెన్సీ. కాలవ కింద నల్లరేగడి నేల ఉంది, వరి పండించడం తెలిసినవాళ్ళు లేరు అన్న కబురు డెల్టాలో పాకింది. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ ఎనిమిదెకరాలొచ్చేది అంటాడు తాతయ్య. 1958లో ముత్తాత అక్కడ ఉన్నదంతా అమ్మేసి, హోస్పేటలో రైలు దిగి, కమలాపురం మీదుగా ఎడ్లబండిలో తళవారఘట్ట చేరాడు. తాతయ్యకి అప్పుడు పన్నెండేళ్ళు. రెండు బస్తాల విత్తనాలు, రుబ్బురోలు, ఒక ట్రంకు పెట్టె. ఎడ్లు వెనక ఈదుకుంటూ వచ్చాయట. పుట్టి గిర్రున తిరుగుతుంటే తాతమ్మ కళ్ళు మూసుకుని కూచుని, ఈ నదిని మళ్ళీ దాటనని ఒట్టేసుకుందట. దాటలేదు కూడా. పుట్టింటివాళ్ళ పెళ్ళిళ్ళకి మునీరాబాద్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది గానీ పుట్టి ఎక్కలేదు.

ఇదంతా మేం విన్నదే, పండగల్లో ఎన్నోసార్లు. నీళ్ళ మధ్యలో వినడం మొదటిసారి. నడి నదిలో తాతయ్య అవతలి గట్టు మీద ఒక రాతి మండపం చూపించి, ఎడ్లు అక్కడ దిగాయి నీళ్ళలోకి, అన్నాడు.

తళవారఘట్ట నుంచి విఠలాలయం దాటి, నది వెంబడి పడమటికి నడిచాం. హంపికి వచ్చేవాళ్ళలో చాలామంది బ్యాటరీ బండిలో విఠలాలయం దాకా వచ్చి, అదే బండిలో వెనక్కి పోతారు. ఆ పక్కనే నది రెండు గుట్టల వరసల మధ్య ఇరుకుగా దూరి పారే చోటుంది. ఒడ్డున బాట బండల మధ్య ఒకచోట నడుస్తూ, ఒకచోట పాకుతూ, ఒకచోట రెండు రాళ్ళ సందులో ఒంటిపక్కగా దూరుతూ పోతుంది. దూరం రెండు కిలోమీటర్లే గానీ మాకు రెండు గంటలు పట్టింది, పిల్లలు ప్రతి రాయీ ఎక్కడం వల్ల. పురందర మండపం నీళ్ళ అంచునే ఉంది, వానాకాలంలో మునిగిపోతుంది. దాని దగ్గర నదిలో వరసగా నిలబెట్టిన రాతి స్తంభాలు, విజయనగర కాలపు వంతెనవి. పై భాగం పోయి కాళ్ళు మిగిలాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుని కూచున్నాయి, ఒక్కో స్తంభానికి ఒక్కటి చొప్పున.

బండల మీద తొండలున్నాయి, మగవాటికి వీపు ఎర్రగా మెరుస్తుంది. లకుముకి పిట్టలు రెండు రకాలు కనబడ్డాయి. ఒక బండ మీద నల్లటి మరక ఎండిపోయి ఉంది, దాంట్లో చేప పొలుసులు తళతళ మంటున్నాయి. పెద్దవాడు వంగి చూసి, దొరికింది అని అరిచాడు. నీటికుక్కల రెట్ట అది. గుంపు మొత్తం ఒకేచోట వేస్తాయట, ఇది మా ఇలాకా అని చెప్పడానికి. మా పెంపుడు కుక్క గేటు దగ్గర చేసే పనే అని చిన్నది తేల్చేసింది.

చక్రతీర్థం దగ్గర మళ్ళీ పుట్టి మాట్లాడుకున్నాం. ఈసారి దాటడానికి కాదు, తిరగడానికి. నది అక్కడ ఉత్తరానికి మళ్ళుతుంది, మలుపులో నీళ్ళు లోతుగా, నల్లగా ఉంటాయి. మడుగులో మొసళ్ళున్నాయని బోర్డులున్నాయి. పుట్టి నడిపే ఆయనకి యాభై దాటి ఉంటాయి. కన్నడంలో పడవ నడిపేవాణ్ణి అంబిగ అంటారు. దేవుణ్ణే అంబిగా అని పిలుస్తూ పురందరదాసు పాడిన కీర్తన ఒకటుంది కదా, ఆ మాటే. మమ్మల్ని చూసి, యావ క్యాంపు రీ? అన్నాడు. ఏ ఊరు అని కాదు, ఏ క్యాంపు అని. మన కన్నడం ఎంత శుభ్రంగా ఉన్నా రెండో మాటకి పట్టేస్తారు. భీమవరంలో అయితే మొదటి మాటకే కర్ణాటకోళ్ళు అంటారు. మీలో చాలామందికి ఇది చెప్పక్కర్లేదు.

నీటికుక్కల్ని చూపిస్తావా అంటే నవ్వాడు. నీరునాయిలు ఆయనకి కనబడక్కర్లేదు, వల తీసినప్పుడల్లా తెలుస్తూనే ఉంటాయట. వలలో పడ్డ చేపని లాక్కుని, వల చింపి పోతాయి. ఒక వల బాగుచేయడానికి రెండు రోజుల పని. కానీ తూటాలు పేల్చి చేపలు పట్టేవాళ్ళ మీద ఆయనకి ఇంకా కోపం. తూటాకి చేపా చస్తుంది, పిల్లా చస్తుంది, నీరునాయీ చస్తుంది, వచ్చే ఏడు నా వలా ఖాళీయే అన్నాడు. ఇసుక తవ్వేవాళ్ళ మీద కూడా. ఇసుక మేటలు పోతే అవి ఒళ్ళు ఆరబెట్టుకునే చోటుండదు.

ఆయన తెడ్డు ఆపేసి మాట్లాడొద్దన్నాడు. పది నిమిషాలు పుట్టి తనంతట తానే మెల్లగా తిరిగింది. ముందు ఈల లాంటి కూత వినబడింది. తరవాత అవతలి బండ కింద నీళ్ళు కదిలి, చదునైన తల ఒకటి, దాని వెనక ఇంకోటి. మొత్తం నాలుగు. నీళ్ళలో ఉన్నంతసేపూ పాముల్లా, గట్టెక్కగానే తడిసిన కుక్కపిల్లల్లా. ఒకటి నోట్లో చేపతో బండెక్కింది, తతిమ్మావి దాని చుట్టూ మూగాయి. అది తలవైపు నుంచి తినడం మొదలెట్టింది, ఎముకలు విరిగే చప్పుడు మాకు వినబడింది. పిల్లలు ఫోన్లు తియ్యలేదు. అంతకన్నా ఏం చెప్పాలి.

ఈ నదిలో 34 కిలోమీటర్ల మేర, ఆనకట్ట దగ్గరి ముద్లాపుర నుంచి కంప్లి వంతెన దాకా, 2015లో కర్ణాటక ప్రభుత్వం నీటికుక్కల సంరక్షణ రిజర్వుగా ప్రకటించింది. దేశంలో వాటికోసం అలాంటిది అదే మొదటిది. మ్యాపులో చూస్తే మాకు ఒక విషయం తట్టింది. మా ఎడమ కాలవ ఎక్కడ మొదలౌతుందో దాదాపు అక్కడే వాటి నది కూడా మొదలౌతుంది. ఆనకట్ట దగ్గర నీళ్ళు పంచుకుని విడిపోతాయి. కాలవలకి పోగా మిగిలింది వీటికి, పుట్టి వాళ్ళకి. మేం ఇన్నాళ్ళూ తుంగభద్ర అంటే కాలవ అనే అనుకునేవాళ్ళం. ఎన్ని టీఎంసీలున్నాయి, ఏ తారీఖున వదుల్తారు, టెయిల్ ఎండ్‌కి ఎప్పుడొస్తుంది. మా ఇంట్లో నది మాటలన్నీ అంకెలే.

అంబిగ ఆ మాటే అన్నాడు, నిష్ఠూరంగా కాదు, వాతావరణం చెప్పినట్టు. ఎండాకాలం మీ కాలవలో నీళ్ళుంటే నా పుట్టి రాళ్ళకి తగుల్తుంది అని. తాతయ్య వెంటనే, మాకు మాత్రం వస్తున్నాయా ఏమిటి, అని అందుకున్నాడు. కట్టినప్పుడు 133 టీఎంసీల డ్యామ్, పూడిక పట్టి ఇప్పుడు 105 చిల్లర. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి సంగతి ఇద్దరూ చెప్పుకున్నారు. క్యాంపులో ఆ వారం ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు, ఉన్న నీళ్ళన్నీ నది పాలై రెండో పంట పోతుందని. ఇక్కడ పుట్టి వాళ్ళూ నిద్రపోలేదట, వరద రేవు మీదికొస్తుందని పుట్టిలన్నీ తలమీద మోసుకుని గట్టుమీదికి చేర్చారట. ఒకే గేటు, ఒకే రాత్రి. మాకు నీళ్ళు పోతాయని భయం, వీళ్ళకి నీళ్ళు వస్తాయని భయం. వారం రోజుల్లో ప్రవాహంలోనే ఇనప పలకలు దింపి ఆ గేటు ఖాళీని మూసిన సంగతి వచ్చేసరికి ఇద్దరి గొంతుల్లోనూ ఒకే మెప్పు.

ఎన్నెకరాలు? అని అడిగాడు అంబిగ. తొమ్మిది అన్నాడు తాతయ్య. అమ్మేస్తున్నారు మా వాళ్ళు, అని కూడా అన్నాడు. పొలం గురించి ఆ పండక్కి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది, అదీ కన్నడంలో, ముక్కూమొహం తెలియని మనిషితో. బాబాయి నీళ్ళకేసి చూస్తూ కూచున్నాడు. అమ్మి ఎక్కడికి పోతారు అజ్జా? అన్నాడాయన. తాతయ్య కాసేపాగి, పోవడానికి ఎక్కడుంది, అన్నాడు. అక్కడ మాకేమీ లేదు. ఉన్నదంతా అమ్మే కదా వచ్చాం.

ఆ తరవాత అందరం ఒడ్డున పులిహోర తిన్నాం. అంబిగ మా అరిసె తిని, ఇది మా కజ్జాయే కదా అన్నాడు. అవును, అదే. కోతులు మాత్రం ఏ పేరూ అడక్కుండా సగం ఎత్తుకుపోయాయి.

తిరుగు ప్రయాణంలో సైకిళ్ళు బరువెక్కాయి. ఇద్దరు పిల్లలు టాటా ఏస్ ఎక్కేశారు. నాన్న, బాబాయి పక్కపక్కన తొక్కుతూ ముందు వెళ్ళారు, ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు.

ఉగాదికి పొలం సంగతి తేలింది. ఆరున్నర ఎకరాలు అమ్మారు, లేఅవుట్ వాళ్ళకి కాదు, పక్క క్యాంపులో సాగుచేసుకునే వాళ్ళకే, ధర కొంచెం తక్కువైనా. కాలవ తూము దగ్గరి రెండున్నర ఎకరాలు తాతయ్య పేరునే ఉన్నాయి. ఆ రోజు నది దగ్గర మాటకీ దీనికీ సంబంధం ఉందని మేం అనం. ఆయన మనసులో ముందే ఉండి ఉంటుంది. బాబాయికి ఇంకా కాస్త అలకే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. మార్చి దాటితే బండలు పెనంలా కాలతాయి. వానాకాలంలో డ్యామ్ గేట్లెత్తితే పుట్టిలు ఆపేస్తారు, బతిమాలకండి. పుట్టి ఎక్కేముందే ధర మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, నదిలో దిగకండి. మొసళ్ళకన్నా రాళ్ళ కింది సుడులు ప్రమాదం. నీటికుక్కలు పొద్దున్నే కనబడే అవకాశం ఎక్కువ, కనబడకపోతే పొలుసుల మరకలు చూసి సంతోషించండి. పెద్దవాళ్ళని తీసుకెళ్తే తళవారఘట్ట రేవు దాకా బండి వస్తుంది, ఇవతల ఆనెగొంది రేవు దాకా కూడా. మోకాళ్ళు నొప్పులని వాళ్ళని బండిలోనే కూచోబెట్టకండి, ముందు ఒకసారి అడిగి చూడండి.